అద్దె కిచెన్‌లో నా మొదటి నాలుగు గంటలు

నేను సూపులు, సాసులు చేసి అమ్ముతాను. ఇంటి ఫ్రిజ్ సరిపోని పరిస్థితి వచ్చింది. దుకాణాలవాళ్లు కూడా తనిఖీ జరిగిన వంటగదిలో చేసిన సరుకైతేనే తీసుకుంటామన్నారు. దాంతో ఒక ఉమ్మడి కమర్షియల్ కిచెన్‌లో గంటల లెక్కన అద్దెకు చేరాలనుకున్నాను. డబ్బు కట్టి, తాళంచెవి తీసుకుని, వండుకుని వచ్చేయడమే కదా అనుకున్నాను. దరఖాస్తు పెట్టిన ఆరు వారాలకు గానీ నా పొయ్యి వెలగలేదు.

ఆ ఆరు వారాల్లో ఎక్కువ భాగం బీమా పత్రమే తినేసింది. వ్యాపార నమోదు, ఆహార భద్రతపై శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం నా దగ్గర ముందే ఉన్నాయి. బీమా మాత్రం రెండుసార్లు వెనక్కి వచ్చింది. నా తిండి వల్ల ఎవరికైనా హాని జరిగి దావా వేస్తే ఆ పాలసీ నాతోపాటు కిచెన్ యాజమాన్యాన్నీ కాపాడాలి కాబట్టి వాళ్ల పేరు కూడా అందులో చేర్పించాలట. మొదటిసారి ఆ పేరే లేదు. రెండోసారి పేరు ఉంది గానీ, సంస్థ అసలు పేరుకు బదులు బయట బోర్డు మీద ఉన్న పేరు రాశారు. మూడోసారి సరిపోయింది. ఎవరైనా ఈ దారిలో వెళ్లేవాళ్లుంటే ముందుగా బీమా పనే మొదలుపెట్టండి, మిగతావి దాని వెనకాల నడుస్తాయి.

తరువాత నేను చేసే ప్రతి పదార్థంలోనూ ఏమేం వేస్తానో జాబితా ఇమ్మన్నారు. నా సాసుల్లో ఒకదానిలో వేరుశనగ ఉంది. మేనేజర్ ఆ ఒక్క పేరు దగ్గరే వేలు పెట్టి ఆగారు. "ఇది రోజులో చివరి స్లాట్‌లోనే చేయండి" అన్నారు. వండాక అంతా శానిటైజర్‌తో తుడిచేస్తాను కదా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపారు. శానిటైజర్ క్రిములను చంపుతుంది గానీ, అలర్జీ తెప్పించే వేరుశనగ ప్రొటీన్‌ను ఏమీ చేయదు. దాన్ని సబ్బునీళ్లతో రుద్ది కడిగి వదిలించాల్సిందే. ఇన్నేళ్లుగా వండుతున్నా ఈ సంగతి నాకు తెలియదు. మిక్సర్ గిన్నె అంచు కింద మిగిలిపోయిన చిటికెడు పొడి, నేను ఎప్పటికీ చూడని మనిషికి ప్రాణం మీదకు తెస్తుంది.

కిచెన్ తిప్పి చూపించడానికి గంటన్నర పట్టింది. గ్యాస్ ఎక్కడ కట్టేయాలి, పొయ్యిల పైన పొగ లాగే హుడ్ కింద మంటలను ఆర్పే వ్యవస్థను చేత్తో నడిపే హ్యాండిల్ ఎక్కడుంది, నూనె మంట మీద నీళ్లు ఎందుకు పోయకూడదు వంటివన్నీ చెప్పారు. జిడ్డు గిన్నెలను ముందు కాగితంతో తుడిచాకే సింకులో వేయాలి, లేకపోతే నూనె గొట్టాల్లో గడ్డకడుతుంది. అల్మారాలో నాకు రెండు అరలు, ఫ్రిజ్‌లో ఒకటి ఇచ్చారు. డబ్బా మీద పేరు, తేదీ లేకపోతే ఎవరైనా పారేయవచ్చు.

మూడు తొట్ల సింకు దగ్గర మాత్రం నాకు చీవాట్లు పడ్డాయి. మొదటి తొట్టిలో సబ్బుతో కడగాలి, రెండో దానిలో మంచినీళ్లతో తొలవాలి, మూడో దానిలో క్లోరిన్ నీళ్లలో ముంచాలి, ఆపైన గాలికి ఆరబెట్టాలి. నేను అలవాటుగా భుజం మీది గుడ్డతో గిన్నె తుడిచాను. "ఇప్పుడు ఆ గుడ్డ మీద ఉన్నదంతా గిన్నెకు అంటింది" అన్నారామె. రెండో తొట్టిలో సరిగా తొలవకుండా సబ్బు నురగతోనే మూడో దానిలో వేస్తే క్లోరిన్ బలం తగ్గిపోతుంది. అది ఎంతుందో కంటితో తెలియదు కాబట్టి కాగితపు పట్టీ ముంచి రంగు చూడాలి. అక్కడ పాటించే లెక్క 50 నుంచి 100 పీపీఎం, అంటే పది లక్షల భాగాల నీళ్లలో అన్ని భాగాల క్లోరిన్. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం అనుకోవడం కూడా తప్పేనట.

గోడ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో రూపొందించిన ఐదు సూత్రాల పోస్టరు ఉంది. వండినదాన్ని 5 డిగ్రీల కింద గానీ 60 డిగ్రీల పైన గానీ ఉంచాలన్నది ఆ సూత్రాల్లోని మాటే. ఆ పక్కనే కిచెన్ సొంత నియమం రాసి ఉంది: వేడి పదార్థం 60 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కడి నుంచి 5 డిగ్రీలకు మరో నాలుగు గంటల్లో చల్లారాలి. చదివాను, తల ఊపాను, సంతకం పెట్టాను. సంతకం పెట్టినదంతా అర్థమైనట్టే అనుకునే మనిషిని నేను.

మొదటి స్లాట్ ఉదయం ఆరు నుంచి పది వరకు. మూడు గంటల ముప్పావు వంట, పావుగంట శుభ్రం అని వేసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తోంది. తొమ్మిదీ పదికి ఇరవై లీటర్ల సూపు దించాను. పావుగంట తరువాత థర్మామీటర్ పెడితే 88 డిగ్రీలు చూపించింది. అంత పెద్ద గిన్నె అలా వదిలేస్తే పగలంతా వెచ్చగానే ఉంటుంది. మరగబెట్టినా చావని బీజరూపంలో క్లోస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ లాంటి బ్యాక్టీరియా కొన్ని మిగిలి ఉంటాయి, నెమ్మదిగా చల్లారే సూపు వాటికి పండగ. పోనీ గిన్నెను అలాగే ఫ్రిజ్‌లో పెట్టేద్దామని తలుపు తీశాను. ఎదురుగా అరల నిండా ఇతరుల డబ్బాలు, ఒక్కో దాని మీద ఒక్కో చేతిరాత. ఆ వేడిని లోపల పెడితే వాళ్లందరి సరుకూ వెచ్చబడుతుంది. తలుపు మూసేశాను.

వెడల్పాటి ట్రేలు వెతికి సూపును రెండంగుళాల లోతుకు పంచాను. ఒక తొట్టిలో మంచు నింపి వాటిని ఒక్కొక్కటిగా పెట్టాను. మంచు యంత్రం దాదాపు ఖాళీ అయింది. ఇది కూడా ఇతరులదే అన్న ఆలోచన అప్పుడు రాలేదు. పది కొట్టేసరికి సింకు నిండా గిన్నెలు, నేల మీద ఉల్లిపొట్టు. తరువాతి స్లాట్ అతను రెండు పెట్టెలు మోసుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఒక్క మాట అనలేదు, తిట్టినా బాగుండేది. గోడ గడియారం చూడలేదు గానీ ఫోను తీసి నేలనూ, సింకునూ, ఓవెన్‌నూ ఫోటోలు తీసుకున్నాడు. నేను బయటపడేసరికి పదీ ఇరవై అయిదు.

రెండు రోజుల తరువాత మేనేజర్ నుంచి లెక్క వచ్చింది. అదనపు సమయానికి రెట్టింపు అద్దె, పైగా ఓవెన్ శుభ్రం చేసినందుకు డిపాజిట్‌లో కోత. నేను ఆ రోజు ఓవెన్ ముట్టనే లేదు. వెంటనే ఫోను చేశాను. ఆమె నిదానంగా అడిగారు: "లోపలికి వచ్చినప్పుడు మీరు ఫోటోలు తీశారా?"

తీయలేదు. వచ్చినప్పుడూ వెళ్లేటప్పుడూ తీయాలని నియమాల నాలుగో పేజీలో ఉంది. ఆ మాడిన ట్రే ఎవరిదో ఇప్పటికీ తెలియదు, దాని డబ్బు మాత్రం నేను కట్టాను. రెండు రోజులు కోపంగానే ఉన్నాను. అందులో సగం నా మీదే.

కోపం తగ్గాక ఒక సంగతి ఆమెకు రాసి పంపాను. దరఖాస్తులో నా బీమా, నమోదు, పదార్థాలు అన్నీ అడిగారు గానీ, "మీరు వండేది చల్లారడానికి ఎంతసేపు పడుతుంది?" అని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే అక్కడే తడబడేవాణ్ని, అక్కడే దొరికిపోయేవాణ్ని. ఇప్పుడు నేను స్లాట్‌ను చివరి నుంచి వెనక్కి లెక్కేస్తాను. ఖాళీ చేసే సమయానికి ముందు ముప్పావుగంట కడగడానికి, దానికి ముందు గంట చల్లార్చడానికి, మిగిలిందే వంటకు. నాలుగు గంటల్లో వంటకు దక్కేది రెండుంబావు. పెద్ద గిన్నె మానేసి రెండు చిన్నవి వాడుతున్నాను. మంచు ఇంటి నుంచి తెచ్చుకుంటున్నాను.

ఆమె నుంచి జవాబు రాలేదు. కానీ తరువాతి నెలలో, కొత్తవాళ్ల మొదటి స్లాట్‌లో ఒక అరగంట తోడుండమని అడిగారు, అందుకు బదులుగా నాకు ఒక గంట అద్దె మాఫీ. మొన్న వచ్చినావిడ చేతిలో నా పాత గిన్నెకన్నా పెద్దది ఉంది. దాన్ని పొయ్యి మీద పెట్టబోతుంటే ఆపి, ముందు ఫోను తీసి ఓవెన్ తలుపు తెరవమన్నాను. లోపల ఒక మాడిన ట్రే ఉంది.