‘డిస్ట్రాయ్’కీ విస్తరాకుకీ ఉన్న చుట్టరికం

ఈమధ్య ఒక ఆర్థిక సంస్థ తన ఖాతాదారులకు పంపే ఉత్తరాన్ని తెలుగులోకి మార్చే పని నాకు వచ్చింది. కొత్త కార్డు అందగానే పాతదానిని డిస్ట్రాయ్ చేయమని అందులో ఒక వాక్యం ఉంది. నాకంటే ముందు ఎవరో దానిని ‘పాత కార్డును నాశనం చేయండి’ అని అనువదించి ఉంచారు. వ్యాకరణంలో తప్పు లేదు. కానీ మన ఇళ్లలో నాశనమన్నది శాపనార్థాలలో వినిపించే మాట కనుక, ప్లాస్టిక్ ముక్క మీద అంత కోపమెందుకో ఖాతాదారునికి బోధపడదు. ఆ ఇబ్బందే నన్ను డిస్ట్రాయ్ పుట్టుక వెతికేలా చేసింది.

ఈ మాట పాత ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దం నాటికే ఇంగ్లీషులోకి చేరింది. దీని మూలం ‘దేస్త్రువేరె’ అనే లాటిన్ క్రియ. ‘స్త్రువేరె’ అంటే ఒకదానిపై ఒకటి పేర్చడం, కట్టడం. ముందున్న ‘దే’ ఆ పనిని వెనక్కి తిప్పుతుంది. అంటే డిస్ట్రాయ్ అసలు అర్థం కట్టినదానిని విప్పివేయడమే. స్ట్రక్చర్, కన్‌స్ట్రక్షన్, ఇన్‌స్ట్రుమెంట్, చివరికి బడిలో వినే ఇన్‌స్ట్రక్షన్ కూడా దీని తోబుట్టువులే.

ఇంకొంచెం వెనక్కి వెళితే కథ మన వంటింటి దాకా వస్తుంది. లాటిన్ ‘స్త్రువేరె’ను, పరచడమనే అర్థమున్న సంస్కృత ‘స్తృ’ ధాతువును ఒకే ప్రాచీన మూలానికి చేర్చే భాషావేత్తలు ఉన్నారు. విస్తారం, విస్తరణ ఆ ధాతువు నుంచి పుట్టినవే. భోజనానికి ముందు మనం పరిచే విస్తరి కూడా ఆ వంశానిదే. ఇంగ్లీషులో గడ్డికి వాడే ‘స్ట్రా’, నేల మీద పరిచేది కాబట్టే, ఈ బంధువర్గంలో చేరింది. విధ్వంసాన్ని చెప్పే మాటకూ అన్నం వడ్డించే ఆకుకూ చుట్టరికం ఉందంటే మొదట నేనూ నమ్మలేదు.

మనం వాడే సంస్కృత పదాలలో ఈ కట్టడం బొమ్మ కనిపించదు. సంస్కృత ధాతువులను అర్థాలతో సహా జాబితా చేసిన పాణినీయ ధాతుపాఠం ‘నశ్’కు ఇచ్చిన అర్థం అదర్శనం, అంటే కనబడకపోవడం, వ్యాపారంలో వచ్చే నష్టం కూడా ఆ ధాతువు సంతానమే. ‘ధ్వంస్’కు జారిపడడం, రాలిపోవడం అర్థాలు. ‘క్షి’ తరిగిపోవడం, అందుకే మనిషిని కొద్దికొద్దిగా తినివేసే జబ్బుకు క్షయ అని పేరు. భగవద్గీత 11వ అధ్యాయంలోని ‘లోకక్షయకృత్’ను అణుబాంబు శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ ‘లోకాలను డిస్ట్రాయ్ చేసేవాడు’ అన్నప్పుడు, కాలం చేతిలో లోకాలు మెల్లగా తరిగిపోవడమన్న ఛాయ పోయి, ఒక్క పెట్టున కూల్చివేసే బొమ్మ వచ్చి నిలిచిందని నాకు అనిపిస్తుంది.

అచ్చతెలుగు తీరు మరొకటి. గోడను కూలుస్తాం, చెట్టును పడగొడతాం, కాగితాన్ని చింపుతాం, పంటను పాడుచేస్తాం. వస్తువును బట్టి క్రియ మారుతుంది. ఇంగ్లీషులో వీటిలో చాలావాటికి డిస్ట్రాయ్ ఒక్కటే సరిపోతుంది. నయం కానంతగా గాయపడిన గుర్రాన్ని బాధ లేకుండా చంపడాన్ని కూడా బ్రిటిష్ ఇంగ్లీషులో అదే మాటతో చెబుతారు. యుద్ధనౌకల్లో ఒక రకానికీ అదే పేరు: 1890లలో టార్పెడోలను, అంటే నీటిలో దూసుకుపోయి ఓడలను పేల్చే ఆయుధాలను, వదిలే పడవలను వేటాడడానికి కట్టినవి ‘టార్పెడో బోట్ డిస్ట్రాయర్లు’ కాగా, వాడుకలో ముందున్న ‘టార్పెడో బోట్’ అన్న మాటలు జారిపోయి డిస్ట్రాయర్ మాత్రమే మిగిలింది. 2021 నవంబరులో మన నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ విశాఖపట్నం ఆ జాతిదే.

ఉత్తరంలో చివరికి ‘పాత కార్డును ముక్కలుగా కత్తిరించి పారవేయండి’ అని రాశాను. సంస్థవారు ఒప్పుకుని, కత్తెర చిప్పు మీదుగా పోవాలన్న మాట కూడా చేర్చమన్నారు.