కొత్త డెక్ పలకల్లో బీటలు: ఏవి వదిలేయాలి, ఏవి సరిచేయాలి

మేడ మీద పైన్ డెక్ (ఆరుబయట చెక్క పలకలతో వేసే నేల) వేయించిన మొదటి ఎండాకాలంలోనే సన్నటి బీటలు కనిపిస్తే కంగారు పడకండి. పైపొర త్వరగా ఆరి కుంచించుకుంటుంది, లోపల తేమ అలాగే ఉంటుంది. ఆ లాగుడుకే నార వెంబడి బీట పడుతుంది. వానలు పడితే చాలావరకు మూసుకుంటుంది.

దయచేసి అందులో లప్పం మాత్రం పెట్టించకండి. చెక్క ఉబ్బినప్పుడు అది ఊడి, ఆ సందుల్లో నీళ్లు నిలిచి కుళ్లు మొదలవుతుంది. పేళ్లు లేచిన చోట 80 నంబర్ గరుకు కాగితంతో నార వెంబడి రుద్ది, డెక్ ఆయిల్ పల్చగా పట్టించి, మిగిలింది పావుగంటకి తుడిచేయండి. ఆయిల్ గుడ్డల్ని ఉండ చుట్టి పడేయొద్దు, వాటంతట అవే అంటుకోగలవు. తడిపి, బయట పరిచి ఆరేయండి.

అసలు చూడాల్సింది పలక కొసల్లో, స్క్రూల దగ్గర. బీట మందమంతా దిగి కిందనుంచి కూడా కనిపిస్తే అది చాలావరకు ఎండ వల్ల కాదు, పనితనం వల్ల: ముందు బెజ్జం వేయకుండానే స్క్రూ దింపేశారు, లేదా కొసకి మరీ దగ్గరగా బిగించారు. ఆ స్క్రూ తీసి, బీటలోకి నీటికి తట్టుకునే పీయూ (పాలీయురేథేన్) జిగురు ఎక్కించి, క్లాంపుతో ఒక రోజు బిగించి ఉంచండి. తర్వాత కొసకి కనీసం 25 మి.మీ. వదిలి, 8 నంబర్ స్టెయిన్‌లెస్ స్క్రూకి 3 మి.మీ. బెజ్జం వేసి బిగించండి. కింది వాసం మీద అంత చోటు లేకపోతే దాని పక్కన ఇంకో ముక్క జత చేయించాలి. కోసిన కొసలకి మైనం సీలర్ పూయడం మరవద్దు. తేమ అన్నిటికంటే వేగంగా పోయేది అక్కణ్ణుంచే.