నీళ్ల దిక్కు నుంచి కుక్కాలి

మాది జగిత్యాల దగ్గర పల్లె. దుబాయ్‌లో స్విమ్మింగ్ పూల్ రిపేర్ల పనికి వచ్చి ఆరేళ్లయింది. "ఈత కొట్టనీకి జీతమిస్తరా?" అని మా ఊళ్లో ఇప్పటికీ నవ్వుతారు.

కిందటి జూలైలో ఓ విల్లా నుంచి ఫోన్ వచ్చింది, పంపు రూములో నీళ్లు చేరాయని. ఆ ఇంట్లో పంపు రూము భూమిలో ఉంది. మూత తీసి దిగితే మడమలు మునిగాయి. పంపుకు ముందుండే బాల్ వాల్వ్ మెడ దగ్గర చీలింది. నీళ్లు కట్టేయాల్సిన వాల్వే పగిలితే ఇక దేన్ని తిప్పాలి? పూల్ నీటిమట్టం మా నెత్తి మీద ఉంది. పంపు ఆపినా నీళ్లు వాటంతటవే దిగుతూనే ఉంటాయి.

"ఖాళీ చేసేయండి" అన్నాడు సూపర్‌వైజర్ ఫోన్‌లో. ఏసీలో కూర్చుంటే ఏదైనా తేలికే. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున మీటరున్నర లోతు. అంటే 48 వేల లీటర్లు. అదీ సముద్రపు నీళ్లలో ఉప్పు తీసి అమ్మే నీళ్లు, బిల్లు ఎవరు కడతారు? పైగా అది సముద్రం పక్క ఇల్లు, తవ్వితే కొద్ది లోతులోనే ఊట. పూల్‌లో నీటి బరువు లేకపోతే ఆ ఊట తొట్టిని పైకి ఎత్తేయగలదు. అందుకే ఖాళీ చేయకుండా రంధ్రాలు మూద్దామన్నాను.

ముందు పంపు కరెంటు బ్రేకర్ దించి దాని మీద టేప్ వేశాను. పంపును దానంతటదే తిప్పే టైమర్‌ను నమ్మను. అడుగు డ్రెయిన్‌లో చెయ్యి ఉండగా పంపు తిరిగితే ఆ లాగుడుకు చెయ్యి వెనక్కి రాదు.

మూయాల్సినవి మూడు: నీటి మీద తేలే చెత్తను లాగే స్కిమ్మర్ లోపలి రంధ్రం, అడుగున రెండు డ్రెయిన్లు. మా దగ్గర రబ్బరు బిరడాలు ఉంటాయి. నట్టు తిప్పితే రబ్బరు ఉబ్బి పైపును పట్టేస్తుంది. వ్యాన్‌లో చూస్తే రెండే ఉన్నాయి. మూడోదానికి, ఆదివారం క్యాంపులో మేం క్రికెట్ ఆడే టెన్నిస్ బంతి దొరికింది. మా నేపాలీ హెల్పర్ ముక్కు మూసుకుని మునిగి, బంతిని పైపు మూతికి అదిమాడు. రెండుసార్లు జారి పైకి తేలింది. మూడోసారి నీళ్లే దాన్ని లోపలికి లాక్కుని బిగించాయి.

పంపు రూములో ధార ఆగి, బొట్లు మాత్రం మిగిలాయి. ఈలోగా పన్నెండున్నర అయింది. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదు. నీడకు చేరి పప్పు, ఖుబూస్ అనే అరబ్బు రొట్టె తిన్నాం. మిగిలిన ఖుబూస్ ముక్క జేబులో వేసుకున్నాను.

మూడింటికి పాత వాల్వ్ కోసేసి, ఆ ఖుబూస్‌ను పిసికి పైపులో కుక్కాను. తడి ఉంటే పీవీసీ సొల్యూషన్ అంటుకోదు. ధారను రొట్టె ఆపలేదు గానీ బొట్లను కాసేపు పీల్చుకుంటుంది, ఆ కాసేపు చాలు. పైపు తుడిచి, సొల్యూషన్ రాసి, కొత్త వాల్వ్ దిగ్గొట్టి మూసేశాను. ఆరడానికి ఒక రోజు వదిలేశాం. గోడ మీద పెన్సిల్‌తో '3' అని రాశాను. ఒకసారి ఇంకో ఇంట్లో ఒక బిరడా తీయడం మరిచి పంపు వేస్తే, నీళ్లు అందక సీలు కాలిపోయింది. ఆ నెల తిట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

రాత్రి నాయిన ఫోన్ చేస్తే ఇదంతా చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే: "బంతి యాడికెల్లి వెట్టిన్రు?"

"పూల్ లోపలికెల్లి."

"మరి! గండికి బయటికెల్లి మట్టి వోస్తె కొట్కవోతది. నీళ్ల దిక్కుకెల్లి కుక్కాలె, నీళ్లే వట్టుకుంటయి."

మర్నాడు మూడూ లెక్కపెట్టి తీశాం. పంపు వేసిన కాసేపటికి జల్లెడ బుట్టలో ఖుబూస్ గంజిలా చేరింది. కడిగేశాను. ఆదివారం ఆ బంతితోనే ఆడాం. నీళ్లు తాగి బరువెక్కింది, ఎంత కొట్టినా బౌండరీ దాటలేదు.