దారం చుట్టే యంత్రం: ముడి కోసం వెతికిన రెండు నెలలు

నవంబరు మొదటి ఆదివారం

పోయిన సంక్రాంతికి మా మేడ మీద నుంచి మూడు గాలిపటాలు పోయాయి. పక్క మేడవాళ్ళు కోసినవైతే బాధ లేదు. మూడూ వాటంతటవే తెగిపోయాయి. మూడోసారి దారం కొస చేతికి దొరికితే చూశాను, తెగింది సరిగ్గా ఒక ముడి దగ్గర. దుకాణంలో చుట్టి ఇచ్చిన చరఖాలో (గాలిపటం దారం చుట్టే గిలకలో) పై పొరల కింద ఎక్కడో అతుకు దాగి ఉందన్నమాట. ఈసారి నూలు కోను కొని నేనే చుట్టుకుంటానని ఆ రోజే ఇంట్లో ప్రకటించాను. మొదలుపెట్టడానికి పది నెలలు పట్టింది.

కొన్నది అర కిలో నూలు కోను: 20 నంబరు, మూడు పేటలు. 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో అదే నూలు నంబరు. అందుకే నంబరు పెరిగిన కొద్దీ నూలు సన్నబడుతుంది. ఆ లెక్కన నా దారం కిలోమీటరుకు దాదాపు 89 గ్రాములు ఉండాలి. కోను మొత్తం ఐదున్నర కిలోమీటర్ల పైమాటే.

చరఖా ఇరుసును డ్రిల్లుకు బిగించి మీట నొక్కాను. అర నిమిషంలో దారం మెలిక పడి, తెగి, కొస వచ్చి నా మణికట్టుకు చుట్టుకుంది. ఎర్రటి గీత రెండు రోజులు ఉంది. డ్రిల్లు మళ్ళీ అలమారలోకి వెళ్ళిపోయింది.

నవంబరు మూడో వారం

కుట్టు మిషను మోటారు దీనికి బాగా సరిపోతుంది. కాలి పెడలు ఉంది కాబట్టి రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, కాలు తీస్తే ఆగిపోతుంది. మోటారు కప్పీ రెండు సెంటీమీటర్లు. చరఖా ఇరుసుకు ఇరవై సెంటీమీటర్ల చెక్క కప్పీ వేసి, బెల్టుతో కలిపాను. వేగం పదో వంతుకు దిగి, నిమిషానికి సుమారు 400 చుట్లకు వచ్చింది. చరఖా మీద ఒక చుట్టుకు 38 సెంటీమీటర్ల దారం పడుతుంది. అంటే నిమిషానికి 150 మీటర్లు.

దారాన్ని అటూ ఇటూ నడిపే యంత్రపు చేతికి మొదట మామూలు క్రాంకు (తిరుగుడును ముందుకూ వెనక్కూ కదలికగా మార్చే వంకర కడ్డీ) పెట్టాను. మా అమ్మ పెళ్ళికి ముందు చీరాలలో రాట్నం మీద కండెలు చుట్టింది. కాసేపు నిలబడి చూసి, "ఒరేయ్, అంచుల్లో కుప్ప పోస్తోందిరా నీ యంత్రం. ఇలాంటి కండె తీసుకెళితే మాకు కూలి ఇచ్చేవారు కాదు" అంది.

"నడుమ సన్నగా ఉంటే ఏమవుతుందమ్మా?"

"అంచులు జారి మధ్యలోకి పడతాయి. లాగినప్పుడు దారాన్ని దారమే పట్టుకుంటుంది."

నిజమే. క్రాంకు రెండు చివర్లలో నెమ్మదిస్తుంది, మధ్యలో పరుగెడుతుంది. నెమ్మదించిన చోట దారం ఎక్కువ పడుతుంది. చేయి ఒకే వేగంతో నడవాలంటే గుండె ఆకారపు క్యామ్, అంటే తిరుగుతూ తన అంచుతో చేతిని నెట్టే పలక, కావాలి. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద సగం వృత్తాన్ని 15 డిగ్రీల చొప్పున పన్నెండు భాగాలు చేశాను. కేంద్రం నుంచి దూరం 30 మిల్లీమీటర్లతో మొదలై, ఒక్కో గీతకు 6 పెరుగుతూ 102 దగ్గర ఆగుతుంది. మిగతా సగం దీని అద్దపు ప్రతిబింబం. చేయి 72 మిల్లీమీటర్లు జరుగుతుంది, చరఖా వెడల్పు కూడా అంతే. క్యామ్ అంచు మీద దొర్లడానికి స్కేటింగ్ చక్రంలో ఉండే బేరింగు, దాన్ని క్యామ్‌కు అదిమిపెట్టడానికి సైకిలు ట్యూబు ముక్క. గుండె మొనను ఆకురాయితో కొంచెం గుండ్రం చేయకపోతే బేరింగు అక్కడ ఎగిరి పడుతోంది.

క్యామ్‌కు కోఠి గుజరాతీ గల్లీలో కొన్న 12 వోల్టుల గేరు మోటారు పెట్టాను, నిమిషానికి పది చుట్లు. రెండు ఇరుసులనూ ఒకే గేరుతో కలపాలని మొదట అనుకుని మానేశాను. చరఖా చుట్లు, క్యామ్ చుట్లు సరి నిష్పత్తిలో పడితే ప్రతి పొర దారమూ పాత దారి మీదే పడి గట్లు కడుతుంది. వేరు వేరు మోటార్లు కాబట్టి నిష్పత్తి తనంతట తానే కాస్త జారుతూ ఉంటుంది. బద్ధకం వల్ల దొరికిన పరిష్కారమే అయినా బాగా పని చేస్తోంది.

డిసెంబరు 8

పొడవు కొలవడానికి పాత క్యాలిక్యులేటరు వాడాను. దారం ఒక చక్రం మీదుగా వెళుతుంది, దాని చుట్టుకొలత సరిగ్గా 50 సెంటీమీటర్లు. చక్రానికి చిన్న అయస్కాంతం, ఎదురుగా రీడ్ స్విచ్చి (అయస్కాంతం దగ్గరకు వస్తే కలిసే స్విచ్చి). స్విచ్చి తీగలు క్యాలిక్యులేటరులో 'సమానం' మీట కిందకు వెళతాయి. 0.5 + 0.5 కొట్టి వదిలితే, చక్రం తిరిగిన ప్రతిసారీ అర మీటరు కలుస్తుంది. చవకైన ఉపాయమే కానీ ఒక లోపం ఉంది. టేపుతో కొలిచి గుర్తు పెట్టిన 100 మీటర్లను పూర్తి వేగంతో నడిపితే 91 చూపించింది. అంత వేగాన్ని క్యాలిక్యులేటరు అందుకోలేకపోయింది. వేగం సగానికి తగ్గిస్తే 100 చూపించింది. ఇక ఆ వేగమే ఖాయం.

డిసెంబరు 15, 16

బల పరీక్ష. పద్ధతి మోటుగా ఉంటుంది: పై నుంచి దారం, కింద ఖాళీ డబ్బా, డబ్బాలోకి సన్నటి ధారగా నీళ్ళు. తెగగానే నీటితో సహా డబ్బాను తూచడం. ధార వేగం అన్నిసార్లూ ఒకటే ఉండాలి, నెమ్మదిగా బరువు పెంచితే దారం తక్కువకే తెగుతుంది.

మొదటి రోజు రెండు కొసలకూ మామూలు ముడులు వేసి పదిసార్లు చేశాను. సగటు 940 గ్రాములు, పదిసార్లూ ముడి దగ్గరే తెగింది. అంటే రోజంతా నేను కొలిచింది ముడినే. రెండో రోజు ముడులు మానేసి, పైనా కిందా నున్నటి పైపు ముక్కలు పెట్టి, దారాన్ని ఒక్కో దాని చుట్టూ ఏడేసి చుట్లు తిప్పాను. బరువంతా చుట్ల రాపిడే పట్టుకుంది, కొస మీద ఏమీ పడలేదు. ఈసారి మధ్యలో తెగింది. సగటు 1,520 గ్రాములు, అన్నింటిలో తక్కువ 1,310. అమ్మ వేసి ఇచ్చిన మగ్గం అతుకు ముడి 1,020 దాకా ఆగింది. నా ముడి కంటే మేలేనని ఆవిడ రెండు రోజులు గుర్తు చేసింది.

ఇది చాలా తక్కువా? పావు చదరపు మీటరు గాలిపటం మీద సెకనుకు 5 మీటర్ల గాలి పడితే లాగుడు సుమారు 400 గ్రాములు. గాలి రెట్టింపైతే లాగుడు నాలుగు రెట్లవుతుంది, అంటే కిలోన్నర. ముడి లేని దారం అక్కడికి అంచున నిలబడుతుంది, ముడి ఉన్నది చాలా ముందే పోతుంది. పోయిన ఏడాది జరిగింది అదే.

డిసెంబరు 22

వేరే దుకాణంలో రెండో కోను కొన్నాను. లావు అంతే, చీటీ మీద 'పత్తి దారం' అని ఉంది. పైపుల పరీక్షలో 3,100 గ్రాములకు గానీ తెగలేదు. ఐదు నిమిషాలు సంబరపడ్డాను. పత్తి ఇంత మోయకూడదే అని తర్వాత అనుమానం వచ్చింది. తడిపి మళ్ళీ చూశాను. పత్తి తడిస్తే బలం పెరుగుతుంది, నా మొదటి కోను 1,700 దాటింది. ఇది మాత్రం కదలలేదు. అగ్గిపుల్ల వెలిగిస్తే కాగితం కాలిన వాసన, బూడిద రావాలి. ఇది కరిగి నల్లటి పూస కట్టింది. పాలిస్టరే, సందేహం లేదు.

2017 జులైలో జాతీయ హరిత ట్రైబ్యునల్ నైలాన్, సింథటిక్ మాంజాను దేశమంతటా నిషేధించింది. తీగలకు చిక్కి ఏళ్ళ తరబడి కుళ్ళకుండా వేలాడే దారానికి పక్షి రెక్క చిక్కుకుంటే విడిపించేవారు ఉండరు. గాజు పూత కూడా నాకు వద్దు. కోను వెనక్కి ఇచ్చేశాను, దుకాణదారు డబ్బు ఇవ్వలేదు, బదులుగా సూదులు ఇచ్చాడు.

జనవరి 4

చుట్టేటప్పుడే ముడులను పట్టుకోవాలని దారం దారిలో సన్నటి చీలిక పెట్టాను. రెండు ఉక్కు పలకల మధ్య అర మిల్లీమీటరు సందు, అంచులు నున్నగా రుద్దాను. దారం వెళుతుంది, ముడి ఆగుతుంది, కాలు తీస్తాను. బిగువు కోసం రెండు ఉన్ని బిళ్ళల మధ్య నుంచి లాగుతున్నాను. వంద గ్రాములకు మించి బిగిస్తే పై పొర కింది పొరల్లోకి కోసుకుపోతోంది.

జనవరి 9

900 మీటర్లు పూర్తి. వంటింటి తూకంలో చరఖా బరువు 81 గ్రాములు పెరిగింది. లెక్క ప్రకారం 80 రావాలి, కాబట్టి క్యాలిక్యులేటరును నమ్మవచ్చు.

చీలిక నాలుగుసార్లు ఆపింది. ఒకటి లావుగా మిగిలిన నూలు ముద్ద, మిగతా మూడూ మిల్లులో వేసిన ముడులే. కోను కొంటే ముడి ఉండదన్న నా నమ్మకం అక్కడితో పోయింది. నాలుగూ మొదటి 290 మీటర్లలోనే వచ్చాయి కాబట్టి అన్నీ చరఖా అడుగున పడ్డాయి. పైనున్న 610 మీటర్లకు ఒక్క అతుకూ లేదు. మా పిల్లలు 200 మీటర్లకు మించి దారం వదలరు. 610 దగ్గర దారానికి పసుపు రాసి ఉంచాను, పసుపు కనిపిస్తే ఆగమని చెప్పాను.

క్యామ్ మోటారు మాత్రం వేడెక్కుతోంది. పండుగలోపు రెండో చరఖా చుట్టాలంటే దానికి కంప్యూటరు ఫ్యాను ఒకటి వెతకాలి.