ముందు నీళ్లు, తర్వాతే యాసిడ్

కదిరి నుంచి బెంగళూరుకు వచ్చాక నా మొదటి పని పీణ్యాలో ఒక షెడ్డు నేలకు యాసిడ్ వాష్. అద్దంలా నున్నగా తోమిన కాంక్రీటుకు ఎపాక్సీ, అంటే నేల మీద వేసే గట్టి రంగుపూత, పట్టదు. యాసిడ్ పైపొరను కాస్త తిని, సన్న ఉప్పుకాగితంలా గరుకు చేస్తేనే పడుతుంది.

నేను బకెట్లో యాసిడ్ పోసి నీళ్ల మగ్గు ఎత్తాను. మేస్త్రీ చిన్నాయన గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు. "రేయ్ అబ్బీ, నీళ్లలోకి యాసిడ్ పోయల్ల. యాసిడ్‌లోకి నీళ్లు పోస్తే కుతకుత ఉడికి మొగమ్మీదికి ఎగజిమ్ముతాది!" పది పాళ్ల నీళ్లకు ఒక పాలు యాసిడ్, అదీ ప్లాస్టిక్ బకెట్లోనే. జింకు పూత బకెట్‌ను యాసిడ్ తినేస్తుంది. నేల ముందే తడిపాడు, గుంటల్లో నీళ్లు నిలవకుండా చీపురుతో తోశాడు. నూనె మరకల్ని యాసిడ్ ఏమీ చేయదు, వాటిని ముందు రోజే సబ్బుతో రుద్దించాడు. పోయగానే నేలంతా బుసబుస పొంగింది. పొంగు తగ్గాక, ఆరనివ్వకుండా వంటసోడా నీళ్లు చల్లి, మళ్లీ మళ్లీ కడిగించాడు.

ఈ పనిలో యాసిడ్ కన్నా నీళ్ల ఖర్చే ఎక్కువ. అది నాకు 2024 ఎండాకాలంలో బాగా తెలిసొచ్చింది. బెంగళూరులో బోర్లు ఎండిపోయాయి. తాగే నీళ్లు కట్టడాలకు వాడితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. అప్పటికి నేనే మేస్త్రీని. ఒక అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో పని. "నీరిల్ల, ఒంద్ సల సాకు" అన్నాడు సూపర్‌వైజరు. నీళ్లు లేవు, ఒక్కసారి కడిగితే చాలని. నేను ఒప్పుకున్నాను. తప్పు నాదే. నేలలో మిగిలిన తెల్లటి ఉప్పు మీదే ఎపాక్సీ వేశాం. రెండు నెలలకు కార్ల టైర్ల కింద అప్పడాల్లా లేచిపోయింది.

అంతకన్నా బాధపెట్టేది ఇంకొకటి ఉంది. గాలి ఆడని ఆ బేస్‌మెంట్‌లో మా కుర్రాడు మూతికి చేతిగుడ్డ కట్టుకుని పనిచేశాడు. యాసిడ్ ఆవిరికి గుడ్డ అడ్డం కాదు. దగ్గుతో వంగిపోయిన వాణ్ణి పైకి తీసుకొచ్చేసరికి నా కాళ్లు వణికాయి.

ఇప్పుడు యాసిడ్ ఆవిరిని ఆపే క్యాట్రిడ్జ్ మాస్కు, కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు, బూట్లు లేకపోతే ఎవర్నీ దిగనివ్వను. ఫ్యాన్లు పెట్టిస్తాను. బ్లీచింగ్ పౌడరు ఆ చుట్టుపక్కల కనబడకూడదు, అది యాసిడ్‌తో కలిస్తే విషవాయువే. కడిగి ఆరాక రాత్రంతా పాలిథిన్ షీటు అంటించి ఉంచుతాను. పొద్దున దాని అడుగున చెమ్మ కనబడితే ఎపాక్సీ వేయను.

ఒక డ్రమ్ము నీళ్లు విడిగా పెడతాను. కంట్లో చుక్క పడితే 15 నిమిషాలు ఆపకుండా కడగాలి, తర్వాత ఆసుపత్రికి. ఆ డ్రమ్ము నిండేదాకా యాసిడ్ క్యాన్ మూత తీయం. మొన్న ట్యాంకరు మూడు గంటలు ఆలస్యమైంది. ఓనరు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నా అందరం గోడ నీడన కూర్చున్నాం.