తాండూరు కంది చేనులో నా టీబీ రోజులు

టీబీ అని తేలాక నన్ను ఎక్కువ భయపెట్టింది రోగం కాదు, ఆఫీసులో ఏం చెప్పాలి, హాస్టల్లో పక్క మంచం అమ్మాయికి ఎలా చెప్పాలి అన్న టెన్షన్. అంతకు ముందంతా దగ్గు, సాయంత్రమైతే సన్నగా జ్వరం, అర్ధరాత్రి దిండు తడిసేంత చెమట. చూపించుకున్న క్లినిక్‌లో వైరల్ అన్నారు, యాంటీబయాటిక్స్ రాశారు, తగ్గకపోతే ఇంకో రకం రాశారు. తెమడ పరీక్ష రాసింది ఆ తర్వాత వేరే డాక్టరమ్మ, ఆమె మేలు మర్చిపోలేను. రెండు వారాలు దాటి దగ్గుంటే ఆ పరీక్ష చేయించాలి, అంతే. సర్కారు దవాఖానలో సీబీనాట్, ట్రూనాట్ యంత్రాల మీద ఉచితంగా చేస్తారు, పట్టేది గంటలే.

మందులు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, తర్వాత పైరజినమైడ్ ఆపేసి మిగతా మూడూ. ఎన్ని మాత్రలన్నది బరువును బట్టి ఉంటుంది, నేను అప్పటికి చిక్కిపోయి 46 కిలోలకొచ్చాను, రోజుకు మూడు వేసుకోమన్నారు. వాటిలో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే రక్తమనుకుని హడలిపోయేదాన్ని. వికారం, కీళ్ల నొప్పులు, అన్నం వాసనకే కడుపులో తిప్పడం, ఇవన్నీ మామూలే.

ఇక నా నుంచి ఎవరికీ అంటదని డాక్టరమ్మ చెప్పాకే శని ఆదివారాలు తాండూరు దగ్గర మా పెద్దనాన్న చేనుకి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ పనిలేక కాదు, గదిలో గోడలు చూస్తూ కూర్చోలేక. నల్లరేగడి, కంది పూతకొచ్చిన రోజులు, ఎటు చూసినా పసుపే. పూతలో పచ్చపురుగు పడితే మా పెద్దమ్మ పాత చీర ఒకటి సాలు మధ్య పరిచి మొక్కని మెల్లగా ఊపుతుంది, పురుగులు జలజలా రాలతాయి, వాటిని ఏరి కోళ్లకి వేస్తుంది. నేనూ ఊపుతానని దిగి, నాలుగు మొక్కలకే ఆయాసమొచ్చి గట్టు మీద కూలబడ్డాను. "కూసో బిడ్డా, చేనెక్కడికి పోతది" అంది పెద్దమ్మ. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది, ఎందుకంటే అప్పటిదాకా అందరూ ఎప్పుడు కోలుకుంటావ్, ఎప్పుడు డ్యూటీలో చేరతావ్ అనే అడిగారు.

పెద్దనాన్న సాయంత్రాలు అనంతగిరి గురించి చెప్పేవాడు. వికారాబాద్ పక్కన ఆ కొండల మీద నిజాం కాలంలోనే టీబీ దవాఖాన పెట్టారు, మంచి గాలి ఉంటుందని. మందుల్లేని రోజుల్లో గాలీ, తిండీ, పడుకోవడమే వైద్యం, టీబీకి పనిచేసిన మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ని కనుక్కున్నదే 1943లో. అప్పట్లో పుట్టి ఉంటే నా పరిస్థితి ఏమయ్యేదో అనుకున్నాక, రోజుకు మూడు మాత్రలు మింగడానికి ఏడవడం మానేశాను.

చేనులో కలుపుకి వచ్చే ఒక అక్క చాలా రోజులుగా దగ్గుతోంది. అడిగితే దుమ్ముకి అంది. నాకు టీబీ, మందులు వాడుతున్నా అని మొదటిసారి బయటివాళ్లకి చెప్పింది ఆమెకే. చేతిలో గడ్డి అలాగే పట్టుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "పట్నంల ఉద్యోగం చేసెటోళ్లకు గూడ వస్తదా?" అంది. వస్తుందక్కా, గాలిలోంచే కదా అన్నాను. ఆ సోమవారం సెలవు పెట్టి ఆమెతో పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. పాజిటివ్. పిల్లలకీ పరీక్షలు చేశారు, వాళ్లకి రోగం లేదు, రాకుండా మందులిచ్చారు.

ఆ తర్వాత నా శని ఆదివారాలకి ఒక పని దొరికింది. నిక్షయ్ పోషణ్ యోజన అనే సర్కారు పథకం కింద టీబీ మందులు వాడినన్నాళ్లూ తిండికి నెలకి రూ.1,000 ఖాతాలో పడుతుంది, 2024 నవంబర్ దాకా అది 500 ఉండేది. కానీ ఆమె ఖాతా వాడకం లేక ఆగిపోయి ఉంది, బ్యాంకులో నిలబడి మళ్లీ తెరిపించాం. నేను నిక్షయ్ మిత్రగా, అంటే టీబీ ఉన్నవాళ్లకి తిండి సాయం చేసే మనిషిగా, పేరు రాయించుకుని ఆమెకి నెలనెలా కందిపప్పు, పల్లీలు, గుడ్లు ఇస్తున్నాను. పప్పు పెద్దనాన్న చేనుదే, 2022లో జీఐ గుర్తింపు (ఈ ప్రాంతపు ప్రత్యేక పంట అన్న గుర్తింపు) వచ్చిన తాండూరు కంది, తొందరగా ఉడుకుతుంది, రుచి చెప్పక్కర్లేదు. డబ్బు పెద్దది కాదు, ఆమెకి కావాల్సింది ఎక్కువగా మనిషి. రెండో నెలలో దగ్గు తగ్గగానే మాత్రలు ఆపేద్దామనుకుంది, మధ్యలో ఆపితే మందులకి లొంగని టీబీగా మారే ప్రమాదముందని పక్కన కూర్చుని చెప్పడానికి నేనున్నాను, ఆశా కార్యకర్త ఉంది.

నా కోర్సు పూర్తయింది, బరువు పెరిగాను, చీర పరిచి రెండు సాళ్లు ఊపగలను ఇప్పుడు. అక్కకి ఇంకా మందులు నడుస్తున్నాయి. పోయిన వారం పక్క ఊరి నుంచి కూలికొచ్చిన ఒకాయన దగ్గు విని ఆమే నిలేసి అడిగి, తెల్లారి సెంటర్‌కి పట్టుకుపోయింది. ఆయనకి టీబీ లేదని వచ్చింది.