పసికందు పొట్టలోకి పంపే ప్రతి మిల్లీలీటరూ లెక్కే

కిడ్నీలు పనిచేయని పసికందుకు డయాలిసిస్ చేయాలంటే మొదటి చిక్కు రక్తమే. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం సుమారు 240 మిల్లీలీటర్లు. రక్తాన్ని బయటికి తీసి శుభ్రం చేసే డయాలిసిస్ మిషన్ గొట్టాలు, ఫిల్టర్ నిండడానికే 60 మిల్లీలీటర్లు కావాలంటే, నాలుగో వంతు రక్తం ఒంటి బయటే ఉన్నట్టు. పది శాతం దాటితే బీపీ పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి దాత రక్తంతో ముందే సర్క్యూట్ నింపాలి. నిల్వ రక్తంలో పొటాషియం ఎక్కువ, కాల్షియం తక్కువ, దానితో మరో తలనొప్పి. 27 మిల్లీలీటర్లతో నిండే కార్పెడీమ్ లాంటి మిషన్లు వచ్చాయి గానీ, చాలాచోట్ల ముందు చేయగలిగేది పెరిటోనియల్ డయాలిసిసే, అంటే పొట్టలోకి ద్రవం పోసి, పొట్ట లోపలి పొర (పెరిటోనియం) గుండా రక్తంలోని మలినాల్నీ, ఎక్కువైన నీటినీ లాగి దించేయడం.

పొట్టలోకి కొత్తగా కేథటర్ (సన్నని గొట్టం) వేశాక కిలోకు 10 మిల్లీలీటర్లతో మొదలుపెట్టాలి. మూడు కిలోల బిడ్డకు 30, అంతే. గంటకో సైకిల్: ఐదు పది నిమిషాల్లో నింపి, అరగంట నుంచి నలభై నిమిషాలు ఉంచి, మిగతా సమయంలో దించాలి. యూరియా తగ్గట్లేదని తొందరపడి ఒక్కసారిగా వాల్యూమ్ పెంచడమే అన్నిటికన్నా చేటు. పొట్ట ఉబ్బి డయాఫ్రమ్‌ని (ఛాతీకీ పొట్టకీ మధ్య కండరాన్ని) పైకి నెడితే వెంటిలేటర్ ప్రెషర్లు పెరుగుతాయి, మానని గాయం పక్కనుంచి ద్రవం కారుతుంది. కారిందంటే ఇన్ఫెక్షన్‌కు దారి తెరిచినట్టే. అప్పుడు వాల్యూమ్ తగ్గించి, సైకిళ్లు పెంచాలి.

ద్రవాన్ని 37 డిగ్రీలకు పొడి వార్మర్‌లో వెచ్చబెట్టాలి. మైక్రోవేవ్ వద్దు, ఒకచోట మరిగి ఒకచోట చల్లగా ఉంటుంది. కొలత బ్యూరెట్‌లోనే (గీతలున్న కొలత గొట్టం). 1.5 శాతం డెక్స్ట్రోజ్ (గ్లూకోజ్) ఉన్న ద్రవంతో మొదలుపెట్టి, నీరు చాలినంత రాకపోతేనే 2.5కి వెళ్లాలి. పసిబిడ్డల పెరిటోనియం గ్లూకోజ్‌ని చప్పున పీల్చుకుంటుంది. ఎక్కువసేపు ఉంచితే తీసిన నీరు మళ్లీ లోపలికే పోతుంది, షుగర్ పెరుగుతుంది. మరీ తక్కువసేపు ఉంచితే సోడియం కన్నా నీరే ముందు బయటికి వచ్చి రక్తంలో సోడియం ఎక్కుతుంది. మామూలు ద్రవంలో పొటాషియం అసలుండదు. రక్తంలో అది లీటరుకు 4 మిల్లీఈక్వివలెంట్ల కన్నా తగ్గితే, లీటరు ద్రవానికి 3–4 మిల్లీఈక్వివలెంట్లు కలపాలి.

పోసింది తిరిగి రాలేదా? రెండోసారి పోయకండి. గొట్టం మెలిక పడిందేమో, క్లాంప్ మూసుందేమో చూసి, బిడ్డను కాస్త పక్కకు తిప్పండి. ఫైబ్రిన్ (గడ్డకట్టే ప్రోటీన్) దారాలు కనిపిస్తే లీటరుకు 500 యూనిట్ల హెపారిన్ (గడ్డకట్టనివ్వని మందు) కలుపుతారు. అయినా రాకపోతే ఒమెంటమ్ (పేగుల మీది కొవ్వు పొర) కేథటర్‌కు చుట్టుకుని ఉండవచ్చు, సర్జన్‌ని పిలవాలి.

దిగిన ద్రవం మసకగా ఉంటే యాంటీబయాటిక్‌కి ముందే కల్చర్‌కు (ఏ సూక్ష్మజీవో తేల్చే పరీక్షకు) పంపాలి. మైక్రోలీటరుకు తెల్లకణాలు 100 దాటి, వాటిలో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) అయితే పెరిటోనైటిస్ (పొట్ట లోపలి పొరకు ఇన్ఫెక్షన్) కిందే లెక్క.

పేగు కుళ్లే జబ్బు ఉన్నా, డయాఫ్రమ్‌లో రంధ్రం ఉన్నా, పొట్ట గోడ మూసుకోకుండా పుట్టినా ఈ దారి పనికిరాదు. రక్తంలో అమ్మోనియా విపరీతంగా పెరిగిన బిడ్డకు ఇది మరీ నెమ్మది. మిషన్ ఉన్నచోటికి వెంటనే పంపాలి.